రాజస్థాన్ నిర్మాత శ్రీ మోహన్‌లాల్ సుఖాడియా

వర్తకంలో మూలధనం కూడబెట్టటం ఒక ఎత్తు, కూడబెట్టినదానిని నిలుపుకోవటం మరొక ఎత్తు. రాజ్యవ్యవహారంలోనూ ఇంతే. అధికారం ఎందరికో లభిస్తుంది. దానిని ఏండ్ల తరబడి నిలుపుకొని, లెక్క అప్పగించే నాటికి రాష్ట్రానికి ఆస్తి మిగిల్చి పోయేవారు కొందరే. అట్టి కొందరిలో శ్రీ మోహన్‌లాల్ సుఖాడియాగారు ఒకరు. 1954 నవంబరు మొదలు 1971 జూలై వరకు, నడుమ ఆరు వారాల విరామం మినహా, దాదాపు పదిహేడేండ్లు వారు రాజస్థాన్ ముఖ్యమంత్రిగా ఉన్నారు. ముప్పై ఎనిమిదేండ్ల వయస్సులో ఆ పీఠం ఎక్కారు. ఏబై ఐదు నిండక ముందే దిగారు.

మార్వాడ్, మేవాడ్ ప్రాంతాల నుండి తరాల క్రిందట బయలుదేరి బెంగుళూరు చిక్కపేటలో, మద్రాసు సౌకారుపేటలో, హైదరాబాదు బేగంబజారులో స్థిరపడిన వర్తక కుటుంబాలకు ఈ పేరు రెండు విధాల దగ్గరిది. పూర్వుల నేలను పాలించినవారు వీరే. పిమ్మట కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాలకు వరుసగా గవర్నరుగా వచ్చినవారూ వీరే. వారు జన్మించినది జైన కుటుంబంలో. పరస్పరం పొసగనివారిని ఒక కప్పు క్రింద కూర్చోబెట్టగల నేర్పు వారి గొప్ప శక్తి. ఆ నేర్పుతోనే రాష్ట్రాన్ని నిలబెట్టారు. ఆ నేర్పుకు ఉన్న హద్దు కూడా వారి జీవితంలోనే ఒకనాడు బయటపడింది. జమ, ఖర్చు రెండూ చూస్తేగాని లెక్క తేలదు గదా!

బాల్యం, విద్య, అంగడి

శ్రీ సుఖాడియాగారు 1916 జూలై 31వ తేదీన ఝాలావాడ్‌లో జన్మించారు. తండ్రిగారు క్రికెట్ ఆటలో పేరు గడించినవారు. మోహన్‌లాల్ పెరిగినది మేవాడ్ సంస్థానంలోని నాథద్వారాలో. శ్రీనాథజీ ఆలయంతో ప్రసిద్ధికెక్కిన ఆ పట్టణంలో పూజలు, ఉత్సవాలు, యాత్రికులు, వారిని నమ్ముకొన్న అంగళ్ళు, ఇలా ఊరి బ్రతుకంతా ఆలయం చుట్టూ తిరిగేది. ఆచారం మాటే అక్కడ శాసనం.

నాథద్వారా, ఉదయపూర్‌లలో తొలి చదువులు ముగించి యువకుడైన మోహన్‌లాల్ బొంబాయి చేరుకొన్నారు. అక్కడ విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యుత్ ఇంజనీరింగు డిప్లొమా చదివారు. విద్యార్థి సంఘం వ్యవహారాలలో ముందు నిలిచారు. ఆనాటి బొంబాయి స్వాతంత్ర్యోద్యమానికి ఆయువుపట్టు. కాంగ్రెసు నాయకుల సభలు, సోషలిస్టు యువకుల వాదోపవాదాలు నిత్యం వినబడేవి. సంస్థానపు నిశ్శబ్దంలో పెరిగిన కుర్రవానికి అదొక కొత్త లోకం.

చదువు ముగిశాక బొంబాయిలోనే ఉద్యోగం వెదుక్కోవచ్చు. వారు నాథద్వారాకు తిరిగివచ్చి, విద్యుత్ సామానులు అమ్మే చిన్న అంగడి తెరిచారు. ఆ అంగడి సాయంకాలాలు యువకులు కూడి దేశంలో ఏమి జరుగుతున్నదో, సంఘంలో ఏమి మారవలెనో చర్చించుకొనే స్థలంగా మారింది. గల్లా ముందు కూర్చొని పదిమంది మాట ఓపికగా వినటం, ఎవరినీ నొప్పించక తన మాట నెగ్గించుకోవటం వర్తకునికి అవసరమైన గుణాలు. రాజకీయంలో వారికి అక్కరకు వచ్చినవీ ఇవే.

వివాహం

1938లో వారు శ్రీమతి ఇందుబాలగారిని వివాహమాడారు. ఇది కులాంతర వివాహం. పెండ్లి నాథద్వారాలో గాక బ్యావర్ పట్టణంలో ఆర్యసమాజ పద్ధతిని జరిగింది. ఆ రోజులలో, ఆ ప్రాంతంలో, ఇటువంటి పని చేయటమంటే బంధుకోటిని ఎదురించటమే. ఇంటివారికి సమ్మతం లేదు. ఊరి పెద్దలు మండిపడ్డారు. అయినను వారు నవవధువుతో నాథద్వారాకు వచ్చినప్పుడు పట్టణపు యువకులు ఎదురేగి ఊరేగింపుగా తీసుకొని వచ్చారు. ఎదిరించవలసిన చోట వెనుదీయక నిలబడగలవారని ఊరివారికి ఆనాడు తెలిసింది. తరువాతి జీవితంలో వారు చేసిన సర్దుబాట్లను పిరికితనమని తలచేవారు ఈ సంగతి జ్ఞాపకముంచుకోవాలి.

ప్రజామండలం నుండి మంత్రిపదవికి

అదే 1938లో మేవాడ్‌లో ప్రజామండలం వెలసింది. శ్రీ మాణిక్యలాల్ వర్మగారు దానికి ప్రాణం. సంస్థాన ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం కావాలని ఆ సంస్థ కోరింది. దర్బారు దానిని నిషేధించింది. సంస్థానాలలో పోరాటం బ్రిటిషు ఇండియాలో కన్న చిక్కైనది. అక్కడ పరదేశ ప్రభుత్వం ఒక్కటే ఎదురు. ఇక్కడ మహారాణా, ఆయన క్రింద జాగీర్దారులు, వారి వెనుక బ్రిటిషు రెసిడెంటు. ముగ్గురిలో ఎవరికి కోపం వచ్చినా మనిషి జైలు పాలే. నాథద్వారా అంగడి యజమాని ఈ ఉద్యమంలో చేరారు. 1942లో క్విట్ ఇండియా సందర్భంలో నిర్బంధానికి గురయ్యారు.

కాలం మారింది. 1946లో మేవాడ్ దర్బారు ప్రజామండలం ప్రతినిధులను ప్రభుత్వంలో చేర్చుకొన్నప్పుడు శ్రీ సుఖాడియాగారు వారిలో ఒకరు. 1948 ఏప్రిల్ 18న ఉదయపూర్ రాజధానిగా సంయుక్త రాజస్థాన్‌ను పండిత నెహ్రూ ప్రారంభించారు. శ్రీ మాణిక్యలాల్ వర్మ ప్రధానిగా ఏర్పడిన ఆ మంత్రివర్గంలోనూ వారికి స్థానం దొరికింది. మరుసటి యేడు 1949 మార్చి 30న జైపూర్‌లో సర్దార్ పటేల్ బృహత్ రాజస్థాన్‌ను ప్రారంభించారు. మొత్తం 19 సంస్థానాలు, 3 ఠికానాలు ఈ విధంగా దశలవారీగా ఒకటై ఒక రాష్ట్రమైనవి.

పటం మీద గీతలు చెరపటం సుళువే. మనుష్యుల మనస్సులలోని గీతలు చెరపటం కష్టం. జైపూర్ వారికి జోధ్‌పూర్ వారంటే అనుమానం, ఉదయపూర్ వారికి ఇద్దరి మీదా అనుమానం. నిన్నటి జైలు అధికారి, నేటి మంత్రి ఒకే కచేరీలో పనిచేయవలసి వచ్చింది. శ్రీ హీరాలాల్ శాస్త్రి, శ్రీ జయనారాయణ్ వ్యాస్, శ్రీ టీకారాం పాలీవాల్ ముఖ్యమంత్రులుగా వచ్చారు, పోయారు. అయిదేండ్లలో ఏ ప్రభుత్వమూ కుదురుగా నిలువలేదు. 1952 ఎన్నికలలో 160 స్థానాలలో కాంగ్రెసుకు దక్కినవి 82 మాత్రమే. ముఖ్యమంత్రి వ్యాస్‌గారే జోధ్‌పూర్‌లో మహారాజా హన్వంత్ సింగ్ చేతిలో ఓడిపోయారు. ఆ మహారాజు ఫలితం తేలే వేళకే విమాన ప్రమాదంలో మరణించటం రాజస్థాన్ చరిత్రలో ఒక విషాదఘట్టం.

ఉపఎన్నికలో గెలిచి వ్యాస్‌గారు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. బలం పెంచుకొనేందుకు జాగీర్దారీ వర్గపు శాసనసభ్యులను కాంగ్రెసులో చేర్చుకోబోగా, జాగీర్ల మీద పోరాడిన పాత కార్యకర్తలు భగ్గుమన్నారు. 1954 నవంబరులో శాసనసభాపక్షం నాయకుని ఎన్నుకొనేందుకు సమావేశమైంది. వర్మగారి వంటి పెద్దల అండతో శ్రీ సుఖాడియాగారు కొద్ది ఓట్ల తేడాతో వ్యాస్‌గారిపై గెలిచి, నవంబరు 13న ప్రమాణస్వీకారం చేశారు. వ్యాస్‌గారు ఉద్యమంలో ఎంతో పెద్దవారు, త్యాగి. ఈ పడుచు ముఖ్యమంత్రి ఆరు నెలలు నిలిస్తే గొప్ప అని తలచినవారు అనేకులు.

భూమి, సుంకం, పన్ను

కొత్త ముఖ్యమంత్రి ఎదుట మొదటి చిక్కు భూమి. రాజస్థాన్‌లో భూమిలో అధికభాగం జాగీర్ల క్రింద ఉండేది. దున్నేవానికి హక్కు లేదు. శిస్తుకు తోడు పెండ్లికీ, చావుకూ, పండుగకూ రకరకాల లాగులు చెల్లించవలసి వచ్చేది. జాగీర్ల స్వాధీన శాసనం 1952లోనే వచ్చినా అమలు కోర్టులలో, రాజీ చర్చలలో చిక్కుకొన్నది. శ్రీ సుఖాడియాగారి ప్రభుత్వం దానిని ముందుకు నడిపింది. 1955లో వచ్చిన కౌలుదారీ చట్టం సాగుదారునికి భూమిపై హక్కు కల్పించింది. 1959లో జమీందారీ, బిస్వేదారీ పద్ధతులు కూడా రద్దయ్యాయి.

దీనికి ఎదురుతిరిగినవారు పెద్ద రాజులు కారు. కొద్దిపాటి జాగీరు తప్ప వేరు జీవనాధారం లేని చిన్న రాజపుత్ర కుటుంబాలవారు. 1955-56 సంవత్సరాలలో వారు భూస్వామి సంఘం పేరిట ఉద్యమం లేవదీసి వేలకొలది అరెస్టయ్యారు. కత్తి పట్టే జాతి సత్యాగ్రహానికి దిగటం విచిత్రమైన దృశ్యం. ప్రభుత్వం చట్టాన్ని వదులుకోలేదు. నెహ్రూగారి జోక్యంతో చిన్న జాగీర్దారులకు నష్టపరిహారంలో, పునరావాసంలో వెసులుబాటు కలిగింది. చట్టం నిలిచింది, ఓడినవారికి బ్రతుకుతెరువు మిగిలింది. శ్రీ సుఖాడియాగారి పద్ధతి ఇది. ఆ వర్గంవారే పలువురు క్రమంగా కాంగ్రెసు వైపు వచ్చారు. ఏ పనికైతే వ్యాస్‌గారు పదవి పోగొట్టుకొన్నారో ఆ పనినే వారు నెమ్మదిగా, సడి లేకుండా చేయగలిగారు.

రెండవ చిక్కు వర్తకులకు నేరుగా సంబంధించినది. సంస్థానాల కాలంలో ఒక్కొక్క సరిహద్దు దగ్గర ఒక్కొక్క సుంకపు నాకా. ఒక ఊరి సరుకు పక్క సంస్థానపు ఊరికి చేరాలంటే బండి ఆపాలి, మూటలు విప్పాలి, సుంకం కట్టాలి. మార్వాడ్ బిడ్డలు కలకత్తాకూ బొంబాయికీ దక్షిణాదికీ వలసపోవటానికి కరవుతోపాటు ఈ నాకాల బెడద కూడా ఒక కారణమే. సంస్థానాలు విలీనమైన తరువాత కూడా ఖజానా వీటి మీదనే ఆధారపడినందువల్ల ఒక్కసారిగా తీసివేయటం సాధ్యపడలేదు. 1954లో అమ్మకపు పన్ను శాసనం చేసి 1955 ఏప్రిల్ 1 నుండి అమలుపరిచారు. అంతర్గత సుంకాల కాలం ముగింపుకు వచ్చింది. వర్తకులకు ఇది తీపీ చేదూ కలిసిన మార్పు. నాకా దగ్గర పడిగాపులు పోయాయి. చిట్టా, ఆవర్జా అధికారికి చూపవలసిన బాధ్యత వచ్చి పడింది. సణిగినవారు సణిగారు. కాని రాష్ట్రమంతా ఒకే బజారు కావటం వల్ల కలిగిన లాభం కాలక్రమాన అందరికీ తెలిసింది. చిన్న, మధ్యతరహా పరిశ్రమలకు అప్పులిచ్చే రాజస్థాన్ ఫైనాన్షియల్ కార్పొరేషన్ ఏర్పడినది కూడా 1955లోనే.

1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో అజ్మీరు, ఆబూ ప్రాంతాలు వచ్చి కలిశాయి. రాజప్రముఖ్ పదవి రద్దయి గవర్నరు వచ్చారు. ఈనాటి రాజస్థాన్ ఆకారం ఆ రోజున పూర్తయింది. 1957 ఎన్నికలలో 176 స్థానాలకు 119 కాంగ్రెసు గెలుచుకొన్నది. ఆరు నెలల ముఖ్యమంత్రి అన్నవారు మౌనం వహించారు.

నాగౌర్ దీపం

శ్రీ సుఖాడియాగారి పాలనలో దేశమంతా తలెత్తి చూచిన ఘట్టం 1959 అక్టోబరు 2. ఆనాడు నాగౌర్‌లో పండిత నెహ్రూ పంచాయతీ రాజ్యాన్ని ప్రారంభించారు. అంతకు రెండేండ్ల ముందు శ్రీ బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతన గల సంఘం గ్రామాభివృద్ధి అధికారుల చేతిలో ఉన్నంతకాలం ప్రజలది కాలేదనీ, ఎన్నికైన స్థానిక సంస్థలకే అప్పగించాలనీ సిఫారసు చేసింది. ఆ సిఫారసును మొట్టమొదట అమలులో పెట్టిన రాష్ట్రం రాజస్థాన్. గ్రామానికి పంచాయతీ, బ్లాకుకు పంచాయతీ సమితి, జిల్లాకు జిల్లా పరిషత్తు అని మూడు అంతస్తుల ఏర్పాటు జరిగింది. అదే 1959లో ఆంధ్రప్రదేశ్ కూడా ఈ బాట పట్టిందని తెలుగు పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

పదేండ్ల క్రిందటి వరకు ఠాకూరు ఎదుట చెప్పులతో నడవటానికే వీలు లేని ఊళ్ళలో, రైతు బిడ్డ ప్రధానుడై బల్ల వెనుక కూర్చొని పాఠశాలకు డబ్బు మంజూరు చేయటం ఎంత పెద్ద మార్పో ఊహించుకోవచ్చు. ఇందులో ప్రమాదాలు లేకపోలేదు. ఊరి కక్షలు సమితులలోకి ప్రవేశించాయి. కొన్నిచోట్ల పాత పెత్తందారులే కొత్త పేర్లతో తిరిగివచ్చారు. ప్రభుత్వమే 1960ల నడుమ శ్రీ సాదిక్ అలీ అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసి లోపాలు విచారించింది. దశాబ్దాల తరువాత 1992లో రాజ్యాంగ సవరణ ద్వారా పంచాయతీలకు దేశమంతటా రాజ్యాంగ స్థానం లభించినప్పుడు, నాగౌర్‌లో వెలిగించిన దీపం ఆరిపోలేదని ఋజువైంది.

నీరు, విద్యుత్తు, విద్య

రాజస్థాన్‌కు నీరే బంగారం. పశ్చిమాన థార్ ఎడారి, తరచు కరవు, పశువులను తోలుకొని మాళవానికి వలసపోయే కుటుంబాలు, ఇది అక్కడి నిత్యదృశ్యం. పంజాబులో సత్లెజ్, బియాస్ నదులు కలిసే హరికే దగ్గర నుండి ఎడారికి కాలువ త్రవ్వవచ్చునని బికనీర్ సంస్థానపు ఇంజనీరు శ్రీ కన్వర్ సేన్ ముందే సూచించి ఉన్నారు. ఆ రాజస్థాన్ కాలువకు 1958లో కేంద్ర హోం మంత్రి శ్రీ గోవింద వల్లభ పంత్ పునాదిరాయి వేశారు. 1960లో పాకిస్తాన్‌తో సింధు జలాల ఒప్పందం కుదిరి తూర్పు నదుల నీటిపై భారతదేశానికి హక్కు స్థిరపడింది. 1961 అక్టోబరులో ఉపరాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ తొలి నీటిని వదిలారు. ఫీడరు కాలువ 204 కిలోమీటర్లు, దానికి ముందుకు ప్రధాన కాలువ 445 కిలోమీటర్లు. ఒక్క జీవితకాలంలో ముగిసే పని కాదని మొదలుపెట్టినవారికి తెలుసు.

తూర్పున చంబల్ నది మధ్యప్రదేశ్, రాజస్థాన్‌ల ఉమ్మడి ఆస్తి. గాంధీసాగర్ ఆనకట్ట, కోటా బ్యారేజి 1960లో పనిలోకి వచ్చాయి. రాణాప్రతాప్ సాగర్ 1970లో పూర్తయింది. కోటా, బూందీ ప్రాంతాల పొలాలకు నీరు, కోటా యంత్రశాలలకు విద్యుత్తు లభించి, కోటా చూస్తూండగా పారిశ్రామిక పట్టణంగా మారింది. సమీపాన రావత్‌భాటాలో అణువిద్యుత్ కేంద్రం పనులు 1960లలోనే మొదలయ్యాయి. ఉదయపూర్ దగ్గర దేబారీలో జింకు కర్మాగారం వెలసింది. ఒకప్పుడు నాథద్వారాలో దీపాలు, తీగలు అమ్మిన మనిషి రాష్ట్రానికి విద్యుత్తు సమకూర్చే పనిలో నిమగ్నులయ్యారు.

1962లో జోధ్‌పూర్, ఉదయపూర్‌లు రెండింటా విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. అప్పటిదాకా రాష్ట్రానికంతటికీ జైపూర్‌లోని విశ్వవిద్యాలయమే దిక్కు. ఉదయపూర్‌లోనిది మొదట వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలై పిమ్మట అన్ని శాస్త్రాలకూ విస్తరించింది.

1967 పరీక్ష

నేర్పరి అయిన వర్తకునికి కూడా ఒక చెడ్డ యేడు వస్తుంది. 1962 ఎన్నికలలోనే సూచనలు కనబడ్డాయి. 176 స్థానాలలో కాంగ్రెసుకు సరిగ్గా సగం, 88, దక్కాయి. జైపూర్ మహారాణి గాయత్రీదేవి స్వతంత్ర పార్టీ పక్షాన లోక్‌సభకు అఖండమైన ఆధిక్యంతో ఎన్నికయ్యారు. అందరినీ కలుపుకొనే నేర్పుతో శ్రీ సుఖాడియాగారు ఆ గండం గట్టెక్కారు. కాని కలుపుకోవలసినవారు పెరిగినకొద్దీ అసంతుష్టులూ పెరిగారు. 1967 ఎన్నికలకు కొద్దికాలం ముందు రైతు నాయకుడు శ్రీ కుంభారాం ఆర్య, మరి కొందరు కాంగ్రెసును విడిచిపోయారు.

1967 ఫలితాలలో 184 స్థానాలకు కాంగ్రెసుకు 89 వచ్చాయి. స్వతంత్ర, జనసంఘ్ మొదలైన పక్షాలు, స్వతంత్ర సభ్యులు డుంగర్‌పూర్ మహారావల్ లక్ష్మణసింగ్ నాయకత్వాన ఒకటై తమకే మెజారిటీ ఉన్నదని చాటారు. గవర్నరు డాక్టర్ సంపూర్ణానంద్ స్వతంత్ర సభ్యులను లెక్కలోకి తీసుకోక, అన్నిటికన్న పెద్ద పక్షమైన కాంగ్రెసు నాయకునిగా శ్రీ సుఖాడియాగారిని ప్రభుత్వం ఏర్పరచవలసిందిగా ఆహ్వానించారు. జైపూర్ నగరం అట్టుడికిపోయింది. నిషేధాజ్ఞలు, ఊరేగింపులు, లాఠీలు, కర్ఫ్యూ. మార్చి 7న జౌహరీ బజారులో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

జౌహరీ బజారు జైపూర్ రత్నవర్తకుల వీధి. ఎందరో జైనుల అంగళ్ళు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. తూకంలో గురిగింజ ఎత్తు తేడా రానివ్వని వీధిలో మనుష్యుల నెత్తురు చిందింది. ఇది ముఖ్యమంత్రి పేరున చెరగని ఖర్చు పద్దు. గవర్నరు ఆహ్వానించటం వారి తప్పు కాదని అనవచ్చు; సంఖ్యాబలం ఎటు ఉన్నదో సభలోనే తేలవలసిందని వారి ప్రతిపక్షులు అన్నదీ సబబే. ఎవరి వాదం ఎలా ఉన్నా, అందరినీ కలుపుకొనగలిగిన మనిషికి ఆ రోజున రాజధాని వీధులే ఎదురు తిరిగాయి.

ప్రభుత్వం ఏర్పరచలేనని శ్రీ సుఖాడియాగారు తెలిపిన పిమ్మట మార్చి 13న రాష్ట్రపతి పాలన విధించబడింది. శాసనసభను రద్దు చేయక తాత్కాలికంగా నిలిపి ఉంచారు. నలబైనాలుగు దినాలలో కొందరు సభ్యులు ఇటు మారారు. కొత్త గవర్నరు సర్దార్ హుకుంసింగ్ ఏప్రిల్ 26న శ్రీ సుఖాడియాగారి చేత తిరిగి ప్రమాణం చేయించారు. అధికారం దక్కింది; దక్కిన తీరు మాత్రం విమర్శకు గురి అయింది. సభ్యులు పక్షాలు మారే ఈ జబ్బు ఆ యేడు ఉత్తరాది రాష్ట్రాలన్నిటా ప్రబలింది. దానికి మందుగా ఫిరాయింపుల నిషేధ చట్టం రావటానికి 1985 దాకా ఆగవలసి వచ్చింది. ప్రభుత్వ బలం తేలవలసిన చోటు శాసనసభయేనని 1994లో బొమ్మై వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 1967లో జైపూర్ వీధులలో వినబడిన ప్రశ్నకు ఇరవైయేడేండ్లకు జవాబు లభించింది.

దక్షిణాదిన గవర్నరుగా

ఆ తరువాతి నాలుగేండ్లు కరవులతో, కాంగ్రెసు అంతఃకలహాలతో గడిచాయి. 1969లో కాంగ్రెసు చీలింది. రాష్ట్రాలలో స్వంత బలంతో నిలిచిన పాత తరం ముఖ్యమంత్రుల రోజులు దగ్గరపడ్డాయి. ఢిల్లీలో శ్రీమతి ఇందిరాగాంధీ నాయకత్వం బలపడిన కొలది రాష్ట్ర నాయకులను నిర్ణయించే అధికారం కూడా అక్కడికే చేరింది. 1971 జూలైలో శ్రీ సుఖాడియాగారు రాజీనామా ఇచ్చారు. 9వ తేదీన శ్రీ బర్కతుల్లా ఖాన్ ముఖ్యమంత్రి అయ్యారు. పదిహేడేండ్లు పాలించిన మనిషి వేరు కుంపటి పెట్టలేదు, ప్రభుత్వాన్ని పడగొట్టలేదు. అంగడి తాళాలు అప్పగించి ప్రక్కకు తొలగారు.

1972 ఫిబ్రవరి 1న వారు మైసూరు రాష్ట్ర గవర్నరుగా బెంగుళూరు చేరుకొన్నారు. ఆ మార్చిలోనే శ్రీ దేవరాజ్ అర్స్ ముఖ్యమంత్రి అయ్యారు. 1973 నవంబరు 1న మైసూరు రాష్ట్రం కర్ణాటకగా పేరు మార్చుకొన్నప్పుడు గవర్నరు వీరే. స్వరాష్ట్రంలో ఇరవై రెండు ముక్కలు ఒకటైన తీరు దగ్గరనుండి చూచిన మనిషికి, విడివిడిగా ఉండిన కన్నడ ప్రాంతాలు ఒక పేరు క్రిందికి వచ్చిన ఆ సంబరం అర్థంకాక పోదు. 1974-75లో భగవాన్ మహావీరుల 2500వ నిర్వాణ మహోత్సవాలు దేశమంతటా జరిగిన నాటికి వారు శ్రవణబెళగొళ నెలకొన్న ఆ రాష్ట్రంలోనే గవర్నరుగా ఉన్నారు.

1976 జనవరి 10న ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యారు. శ్రీ జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలమది. హైదరాబాదులో వారు ఉన్నది అయిదు మాసాలే. జూన్ 16న తమిళనాడు గవర్నరు పదవి స్వీకరించారు. అప్పుడు దేశంలో అత్యవసర పరిస్థితి అమలులో ఉంది. మద్రాసులో ఆ జనవరి ఆఖరున ద్రావిడ మున్నేట్ర కళగం ప్రభుత్వాన్ని తొలగించి రాష్ట్రపతి పాలన పెట్టారు. కాబట్టి ఇక్కడ గవర్నరు పదవి అలంకారం కాదు. పాలన భారమంతా గవర్నరుదే. తాను ఎన్నికై రాని రాష్ట్రాన్ని, తన భాష కాని ప్రజలను ఢిల్లీ పక్షాన పాలించవలసి రావటం, ఓటు బలంతో పైకి వచ్చిన నాయకునికి సుఖమైన పని కాదు. 1977 ఎన్నికల తరువాత ఏప్రిల్‌లో వారు ఆ బాధ్యత వదిలారు.

చివరి యేండ్లు

రాజ్‌భవనం తరువాత సాధారణంగా విశ్రాంతి. శ్రీ సుఖాడియాగారు మరల ఓటర్ల ఎదుటికి వెళ్ళారు. 1980లో ఉదయపూర్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. శాసనసభకు పదే పదే పంపిన ఉదయపూరే పార్లమెంటుకూ పంపింది. 1982 ఫిబ్రవరి 2వ తేదీన బికనీరులో వారు కన్నుమూశారు. వయస్సు అరవై అయిదు. పిమ్మట 1984లో శ్రీమతి ఇందుబాలగారు అదే ఉదయపూర్ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒకనాడు ఊరు కాదన్న కోడలిని ఆ నేల తన ప్రతినిధిగా ఢిల్లీకి పంపింది.

వారు చనిపోయిన బికనీరు, కాలువ నీటి కోసం ఎదురుచూచిన ఎడారి ప్రాంతం. 1984లో ఆ కాలువకు ఇందిరాగాంధీ పేరు పెట్టారు. జైసల్మేరు జిల్లా మోహన్‌గఢ్ వరకు ప్రధాన కాలువలో నీరు పారినది 1987లో. పునాదిరాయి నాటి ముఖ్యమంత్రి దానిని చూడలేదు. ఉదయపూర్ విశ్వవిద్యాలయం నేడు మోహన్‌లాల్ సుఖాడియా విశ్వవిద్యాలయమనే పేరున నడుస్తున్నది. ఆ నగరంలో సుఖాడియా సర్కిల్ ఉంది. 1988లో తపాలా శాఖ వారి పేర బిళ్ళ విడుదల చేసింది.

వారి ఆవర్జా మూసి మొత్తం వేస్తే జమ వైపు దున్నేవానికి దక్కిన భూమి, తొలగిన సుంకపు నాకాలు, నాగౌర్ పంచాయతీ, చంబల్ వెలుగు, ఎడారికి బయలుదేరిన నీరు కనిపిస్తాయి. ఖర్చు వైపు జౌహరీ బజారు. మొదటివి చెప్పి రెండవది దాచటం లెక్క కాదు. రెండవది చూపి మొదటివాటిని కొట్టివేయటమూ లెక్క కాదు. కలుపుకొనిపోయే నేర్పు రాష్ట్రాన్ని కట్టగలదు. ఆ నేర్పు కూడగట్టిన బలం జనం కండ్ల ఎదుట తూగవలసిన రోజు ఒకటి వస్తుంది. ఆ రోజున త్రాసు బహిరంగంగా ఎత్తి చూపాలి. వర్తకం చేసే ఇంట పుట్టిన ప్రతి బిడ్డకు తెలిసిన ఈ నీతి, రాజ్యం చేసేవారికీ వర్తిస్తుందని శ్రీ సుఖాడియాగారి జీవితం తెలుపుతున్నది.